డెత్ వ్యాలీ ఉప్పు సరస్సుని కొండ మీంచి చూడాలంటే: సాయంత్రం వద్దు, పొద్దున్నే వెళ్లండి

ప్రశ్న: డిసెంబరు ఆఖరి వారంలో లాస్ వెగాస్ వస్తున్నాం. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు కూడా ఉన్నారు, ఇద్దరికీ డెబ్బైకి అటూఇటూ. ఒక రోజు డెత్ వ్యాలీకి పెట్టుకున్నాం. డాంటేస్ వ్యూ నుంచి ఉప్పు సరస్సు మీద సూర్యాస్తమయం చూద్దామని అనుకుంటున్నాం. సరస్సులో నీళ్లుంటాయా? పెద్దవాళ్లు ఎక్కగలరా? ఫోటోలు ఎలా తియ్యాలి?

జవాబు:

అన్నిటికంటే ముందు ఆ సూర్యాస్తమయం ఆలోచన మార్చుకోండి. డాంటేస్ వ్యూ లోయకి తూర్పు గట్టు మీద ఉంది. అక్కడ నిలబడి మీరు చూసేది పడమటి వైపు. సాయంత్రం వెళితే సూర్యుడు నేరుగా మీ మొహం మీదే ఉంటాడు. కింద ఉప్పు కళ్లు చెదిరే మెరుపుగా మారుతుంది, ఎదురుగా ఉన్న పానమింట్ పర్వతాలు నల్లటి గోడలా అయిపోతాయి, మధ్యలో ధూళి పొగలా తేలుతుంది. పైగా డిసెంబరు 25 ప్రాంతంలో క్యాలెండరు ప్రకారం సూర్యాస్తమయం 4:37కి అయినా, పానమింట్ శిఖరాలు అడ్డొచ్చి సూర్యుడు పది, పదిహేను నిమిషాల ముందే దాటిపోతాడు. లోయ అడుగున అయితే ఇంకా ముందే నీడ పరుచుకుంటుంది. అంటే ఆకాశంలో రంగులు వచ్చే వేళకి మీరు చూడాలనుకున్న ఉప్పు నేల బూడిదగా, చప్పగా పడి ఉంటుంది.

పొద్దున లెక్క తిరగబడుతుంది. సూర్యుడు మీ వీపు వెనక ఉంటాడు. మీరు నిలబడిన బ్లాక్ మౌంటెన్స్ వరుస నీడ లోయ మీద పడి, తెర లాగినట్టు పడమటి నుంచి మీ కాళ్ల దగ్గరికి వస్తుంది. ఈ దృశ్యం అసలు అందం ఆ నీడ కదలికలోనే ఉంది. డిసెంబరు చివర్లో దాని సమయాలు ఇంచుమించు ఇలా ఉంటాయి. 6:35, 6:40 మధ్య పడమటి ఆకాశంలో, పానమింట్ పైన, అడుగున నీలి బూడిద పట్టీ, దాని మీద గులాబీ పట్టీ కనిపిస్తాయి. ఆ నీలం భూమి నీడే. 6:57 ప్రాంతంలో సూర్యోదయం. మొదటి కిరణం కిందికి రాదు, ఎదురుగా ఉన్న టెలిస్కోప్ పీక్ నెత్తిన పడుతుంది. దాని ఎత్తు 11,049 అడుగులు (3,368 మీటర్లు), డిసెంబరులో తరచు మంచు ఉంటుంది కాబట్టి నారింజ రంగులో వెలిగిపోతుంది. 7:30కి వెలుగు అవతలి కొండల పాదం దాకా దిగుతుంది. 8 గంటలకి ఉప్పు నేల దాదాపు సగానికి సగం: అటు సగం తెల్లగా, ఇటు సగం నీలి నీడలో. 9 అయ్యేసరికి నీడ మీ కింద, లోయ అడుగున ఉన్న బ్యాడ్‌వాటర్ అనే పల్లం దగ్గరికి వచ్చేస్తుంది. ఆ తర్వాత వెలుగు నెత్తికెక్కి అంతా ఒకే తెలుపుగా కనిపిస్తుంది. దృశ్యం అప్పుడు కూడా పెద్దదే, కానీ లోతు తెలియదు.

చీకట్లో అమ్మగారినీ నాన్నగారినీ లేపి తీసుకెళ్లడం కష్టం అనుకుంటే సూర్యోదయం వదిలెయ్యండి, 7:30, 8 మధ్య పైన ఉండేలా చూసుకోండి. గులాబీ పట్టీ పోతుంది. నీడ కదిలే గంట మాత్రం పూర్తిగా దొరుకుతుంది.

ఇక ఎత్తుల సంగతి. డాంటేస్ వ్యూ సముద్ర మట్టానికి 5,475 అడుగుల (1,669 మీటర్లు) పైన ఉంది. కింద కనిపించే బ్యాడ్‌వాటర్ బేసిన్ సముద్ర మట్టానికి 282 అడుగులు (86 మీటర్లు) దిగువన ఉంది, ఉత్తర అమెరికా అంతటికీ అదే అతి పల్లపు చోటు. అంటే మీ కాళ్ల దగ్గర నుంచి ఉప్పు దాకా 5,757 అడుగుల దిగుడు. అడ్డంగా కొలిస్తే ఆ రెండింటి మధ్య దూరం రెండున్నర మైళ్లు కూడా లేదు. ఇంత తక్కువ దూరంలో ఇంత లోతుకి చూపు దిగే చోట్లు రోడ్డు పక్కన చాలా అరుదు. మ్యాపులో ఈ రెండు చుక్కలూ పక్కపక్కనే కనిపిస్తాయి కాబట్టి చాలామంది పదిహేను నిమిషాల దారి అనుకుని రోజంతా తారుమారు చేసుకుంటారు. కారులో చుట్టూ తిరిగి రావాలి: దాదాపు 40 మైళ్లు, గంట ప్రయాణం.

నీళ్లుంటాయా అన్న ప్రశ్నకి సూటి జవాబు: మామూలు ఏడాదిలో ఉండవు. పైనుంచి సరస్సులా మెరిసేది ఉప్పు. దాదాపు 200 చదరపు మైళ్ల ఉప్పు నేల అది. మీరు ఇంటర్నెట్‌లో చూసిన, నీళ్లలో కొండ ప్రతిబింబించే ఫోటోలు చాలా మటుకు 2023, 2024 నాటివి. 2023 ఆగస్టు 20న హిలరీ తుపాను అవశేషం ఒక్క రోజులో 2.2 అంగుళాల వాన కురిపించింది. ఇక్కడ ఏడాది మొత్తానికి పడే వానే సుమారు రెండు అంగుళాలు. రోడ్లు కొట్టుకుపోయి డెత్ వ్యాలీ నేషనల్ పార్కు అక్టోబరు 15 దాకా మూతపడింది. అడుగున నీరు నిలిచి, మంచు యుగంలో ఇక్కడ ఉన్న లేక్ మ్యాన్లీ మళ్లీ పుట్టినట్టయింది. అది ఎండుతుండగానే 2024 ఫిబ్రవరి మొదట్లో మూడు రోజుల్లో మరో ఒకటిన్నర అంగుళాలు పడింది. అప్పుడు సరస్సు ఆరు మైళ్ల పొడవు, మూడు మైళ్ల వెడల్పు, లోతు ఒక్క అడుగు. కొన్నాళ్లు దాని మీద కయాక్ పడవలు కూడా తిరగనిచ్చారు. ఫిబ్రవరి ఆఖరున వచ్చిన ఈదురుగాలి ఆ నీటినంతటినీ రెండు మైళ్లు ఉత్తరానికి నెట్టేసి పలచటి పొరగా పరిచేసింది, పడవలు ఆపేశారు. అడుగు లోతు నీటికి ఆ గాలి చాలు.

నీరు ఎందుకు నిలవదంటే, ఇక్కడ నిండుగా ఒక చెరువు ఉంటే ఏడాదికి సుమారు 150 అంగుళాల నీరు ఆవిరైపోతుంది. వచ్చేది రెండు, పోగలిగేది నూట యాభై. నెవాడా నుంచి చుట్టూ తిరిగి దక్షిణం వైపు నుంచి వచ్చే అమర్గోసా నది కూడా ఎక్కువ భాగం ఇసుక కిందే నడుస్తుంది. వచ్చిన నీటికి ఇక్కడి నుంచి బయటికి పోయే దారి లేదు. కొండల్లో రాళ్లని కరిగించుకుని వచ్చిన లవణాలు ఇక్కడే దిగిపోయి, నీరు ఒక్కటీ ఆకాశంలోకి వెళ్లిపోతుంది. మంచు యుగాల్లో ఇదే లోయలో వందల అడుగుల లోతు సరస్సు ఉండేది. దక్షిణాన షోర్‌లైన్ బ్యూట్ అనే గుట్ట మీద ఆనాటి అలలు కోసిన మెట్లు ఇప్పటికీ కనిపిస్తాయి.

మన పల్లెల్లో చౌడు నేల చూసినవారికి ఇది ఇట్టే అర్థమవుతుంది. భూగర్భ జలం పైకి దగ్గరగా ఉన్నచోట, ఎండాకాలం నేల తడిని పైకి పీల్చి, తడి ఆరాక తెల్లటి చౌడు తేలుతుంది కదా, బ్యాడ్‌వాటర్‌లో జరిగేది అదే. అక్కడ వేల ఏళ్లుగా ఆగకుండా జరుగుతోంది, అంతే తేడా. నాన్నగారు నౌపాడలోనో చినగంజాంలోనో ఉప్పు మడులు చూసి ఉంటే ఇంకో సంగతి కూడా చెప్పండి. ఉప్పు పండించేవారు ఉప్పునీటిని ఒక మడిలోంచి ఇంకో మడిలోకి మళ్లిస్తారు. ముందు మడుల్లో సున్నం, జిప్సం దిగిపోతాయి, చివరి మడిలో తినే ఉప్పు గడ్డకడుతుంది. డెత్ వ్యాలీ అడుగున ప్రకృతి ఆ మడులన్నీ ఒకదాని చుట్టూ ఒకటి గీసింది: అంచున సున్నపు లవణాలు, లోపల జిప్సం లాంటివి, నడిమధ్య ఉప్పు. పైనుంచి చూస్తే తెలుపులో తేడాలు, అంచుల వెంట గోధుమ, బూడిద రంగు పట్టీలు కనిపించేది అందుకే. 1880లలో ఇక్కడి నుంచి కంచర గాడిదల బళ్ల మీద తరలించిన వెలిగారం కూడా ఇలా పోగుపడినదే.

పైనుంచి ఏ రంగు దేనికి గుర్తో తెలిస్తే చూపు నిలుస్తుంది. మెరిసే తెలుపు అంటే ఇటీవల తడిసి ఆరిన కొత్త ఉప్పు. మాసిన గోధుమ రంగు అంటే చాన్నాళ్లుగా వాన లేదు, గాలి తెచ్చిన దుమ్ము పేరుకుంది, లేదా బురద. నల్లబడిన బూడిద రంగు అంటే నేల తడిగా ఉంది. నీలంగానో అద్దంలాగానో ఉంటేనే నీరు. బయలుదేరే ముందే ఇది తెలుసుకునే మార్గం ఉంది. యూరప్ వారి సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా చూడొచ్చు, సుమారు ఐదు రోజులకొకటి వస్తుంది. బ్యాడ్‌వాటర్ దగ్గర ముదురు రంగు మచ్చ ఉంటే నీరుందని, మొత్తం తెల్లగా ఉంటే పొడి అని అర్థం. మబ్బు పట్టిన రోజు చిత్రం నమ్మొద్దు, మబ్బు నీడ కూడా చెరువులాగే ఉంటుంది. రోడ్ల సంగతి పార్కు వెబ్‌సైటులో అదే రోజు పొద్దున చూడండి. నిరుడు తెరిచిన రోడ్డు ఈ ఏడాది వరదకి మూసి ఉండొచ్చు.

ఒకవేళ మీ అదృష్టం బాగుండి నీళ్లున్నాయనుకోండి. టెలిస్కోప్ పీక్ ప్రతిబింబం డాంటేస్ వ్యూ నుంచి కనిపించదు. పైనుంచి మీ చూపు నీటి మీద ఏటవాలుగా, పది నుంచి ఇరవై అయిదు డిగ్రీల కోణంలో పడుతుంది. అద్దంలా ఆ చూపు అంతే కోణంలో పైకి లేస్తుంది, అక్కడ కొండ ఉండదు, ఆకాశమే ఉంటుంది. అందుకే పైనుంచి నీరు ఆకాశం రంగు తాగినట్టుంటుంది, గులాబీ పట్టీ వేళకి గులాబీగా, తర్వాత నీలంగా. కొండ ప్రతిబింబం కావాలంటే కిందికి దిగి, గట్టు దగ్గర కూర్చుని, కెమెరాని నీటికి జానెడు ఎత్తులో పట్టుకోవాలి. గాలి లేని పొద్దుటి పూటే అది కుదురుతుంది.

నీళ్లు లేకపోయినా చూడాల్సింది బోలెడుంది, కానీ చాలామంది ఐదు నిమిషాల్లో సెల్ఫీ తీసుకుని కారెక్కేస్తారు. ఎదుటి కొండల పాదాల దగ్గర విసనకర్రల్లా పరుచుకున్న వాలులు చూడండి. అవి వరదలు మోసుకొచ్చిన రాళ్లు, మట్టి. అటువైపు మైళ్ల కొద్దీ పెద్దవి, మీ కిందివైపు మాత్రం చిన్నచిన్నవి. కారణం, ఈ లోయ అడుగు బల్లపరుపుగా కూర్చోలేదు, తూర్పుకి ఒరిగి కుంగుతోంది. బ్లాక్ మౌంటెన్స్ పాదం వెంట భ్రంశరేఖ, అంటే నేల విరిగి జారే చీలిక, ఉంది. అటు కొండ లేస్తుంటే ఇటు నేల దిగుతోంది. దిగే నేల ఇటువైపు విసనకర్రల్ని ఎప్పటికప్పుడు పూడ్చేస్తోంది. ఉప్పు నేలలో అతి పల్లపు చోటు మధ్యలో కాకుండా మీ కింద, తూర్పు అంచున ఉన్నదీ అందుకే. మీరు నిలబడిన కొండ వరుసలోని పాత రాళ్ల వయసు 170 కోట్ల ఏళ్లు. మీ కింది ఉప్పు పై పొర వయసు పోయిన వాన నుంచి లెక్కపెట్టుకోవాలి.

బైనాక్యులర్స్ ఉంటే తప్పక తీసుకెళ్లండి, ఎనిమిది రెట్లు చూపించేవి చాలు. బ్యాడ్‌వాటర్ పార్కింగ్ నుంచి ఉప్పు మీదికి ఒక తెల్లటి దారి గీతలా కనిపిస్తుంది. జనం నడిచి నడిచి నునుపు చేసిన బాట అది. దాని మీద చీమల్లా కదిలేవి మనుషులు. అది చూశాక గానీ పెద్దవాళ్లకి ఈ లోతు నమ్మకం కుదరదు.

దారి సంగతి. వెగాస్ నుంచి నెవాడా 160 రోడ్డు మీద పహ్రంప్ దాకా 60 మైళ్లు. అక్కడ బెల్ విస్టా రోడ్డు పట్టుకుని డెత్ వ్యాలీ జంక్షన్, తర్వాత కాలిఫోర్నియా 190 మీద సుమారు 18 మైళ్లు వెళ్లాక ఎడమ పక్క డాంటేస్ వ్యూ రోడ్డు వస్తుంది. అక్కడి నుంచి 13 మైళ్ల ఎక్కుడు. మొత్తం రెండుంబావు గంటలు పెట్టుకోండి. ఈ దారిలో వస్తే లోయ అడుగున ఉన్న ఫర్నెస్ క్రీక్ అనే చిన్న ఊరి కంటే డాంటేస్ వ్యూ ముందే తగులుతుంది, పొద్దున ముందు ఇక్కడికే రావడానికి అది ఇంకో కారణం. 7:30కి పైన ఉండాలంటే వెగాస్‌లో 5:15కి కారు కదలాలి. పహ్రంప్ చేరేలోపు దాటే మౌంటెన్ స్ప్రింగ్స్ కనుమ కూడా డాంటేస్ వ్యూ అంత ఎత్తే, డిసెంబరులో అక్కడ మంచు పడిందేమో చూసుకోండి.

పెట్రోలు పహ్రంప్‌లోనే నింపండి. పార్కు లోపల ఫర్నెస్ క్రీక్‌లో దొరుకుతుంది కానీ ధర చాలా ఎక్కువ. కరెంటు కారైతే పహ్రంప్‌లో బాగా నింపుకుని బయలుదేరాలి. ఫర్నెస్ క్రీక్ నుంచి డాంటేస్ వ్యూకి ఎక్కితే, దూరానికి అయ్యే ఖర్చు కాక, రెండు టన్నుల కారుకి ఎత్తుకే 9 కిలోవాట్ అవర్ల పైచిలుకు కావాలి. దిగేటప్పుడు కొంత తిరిగి వస్తుంది, మొత్తం రాదు. జంక్షన్ వైపు నుంచి వస్తే ఎక్కుడు తక్కువ, ఎందుకంటే జంక్షనే రెండు వేల అడుగుల ఎత్తులో ఉంది.

చివరి పావు మైలు వంపులు తిరుగుతూ 15 శాతం వాలు. మామూలు కారు ఇబ్బంది లేకుండా ఎక్కుతుంది. 25 అడుగులు మించిన వాహనాలకి, ట్రెయిలర్లకి అనుమతి లేదు. ఇబ్బంది దిగేటప్పుడు వస్తుంది. 13 మైళ్లూ బ్రేకు మీద కాలు పెట్టి దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి, మాడిన వాసన వస్తుంది. ఆటోమేటిక్ కారులో గేరుని ఎల్ లోనో, మాన్యువల్ మోడ్‌లో రెండు, మూడులోనో పెట్టి ఇంజనుతోనే వేగం ఆపండి. బ్రేకు గట్టిగా నొక్కి వదిలెయ్యండి, నొక్కిపట్టి ఉంచొద్దు.

ఫోను సిగ్నలు ఫర్నెస్ క్రీక్ దాటితే ఉండదనుకోండి. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, జి.పి.ఎస్. ఏదైనా మట్టి రోడ్డు దగ్గరి దారి అని చూపిస్తే పట్టించుకోవద్దు. ప్రవేశ రుసుము కారుకి 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది, నగదు తీసుకోరు. మారి ఉండొచ్చు కాబట్టి వెబ్‌సైటులో ఒకసారి చూసుకోండి. మీరొచ్చే దారిలో గేటు తగలదు, అందుకని ముందురోజే ఆన్‌లైన్‌లో కట్టేసుకోవడం మేలు.

పెద్దవాళ్ల గురించి భయం వద్దు. చూసే చోటు పార్కింగ్ పక్కనే ఉంది, ఎక్కాల్సిన పని లేదు. ఇబ్బంది పెట్టేది చలి. పైన లోయ కంటే 20, 25 ఫారెన్‌హీట్ డిగ్రీలు తక్కువ. డిసెంబరులో కింద మధ్యాహ్నం 65 ఉంటుంది, తెల్లవారుజామున 40కి కాస్త దిగువన. పైన సూర్యోదయానికి గడ్డకట్టే చలి, దానికి గాలి తోడు. "డెత్ వ్యాలీ కదా, వేడిగా ఉంటుంది" అనుకుని పలచటి స్వెటర్లతో వచ్చినవాళ్లు కారు దిగకుండానే వెనక్కి వెళతారు. మంకీ క్యాపు, చేతులకి గ్లవ్స్, గాలి దూరని జాకెట్, అమ్మగారు చీరలో ఉంటే లోపల థర్మల్ పైజామా, కాళ్లకి సాక్సులు బూట్లు. కారుని గాలికి ఎదురుగా ఆపండి. గాలి వెనక నుంచి కొడితే తలుపు తెరవగానే చేతిలోంచి లాగేసి మడతబందులు వంచేస్తుంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ చెవులు దిబ్బడ వేస్తాయి. చప్పరించడానికి ఏదైనా ఇవ్వండి. పైన నీళ్లు, తిండి దొరకవు. మనిషికి రోజుకి ఒక గాలన్ నీళ్లు పెట్టుకోవాలన్నది పార్కు వాళ్ల మాట, శీతాకాలమని తగ్గించకండి. శాకాహారానికి లోపల పెద్దగా దారి లేదు, పులిహోర కట్టుకెళ్లడం మంచి పని.

మీలో కుర్రవాళ్లు ఉంటే పార్కింగ్ దగ్గరే ఆగిపోకండి. ఉత్తరం వైపు గట్టు వెంట అర మైలు నడిస్తే మొదటి శిఖరం వస్తుంది, లోయ ఉత్తరపు సగం విప్పుకుంటుంది. నైరుతి దిక్కున ముందుకి పొడుచుకొచ్చిన గట్టు మీద పావు మైలు పోతే బ్యాడ్‌వాటర్ ఇంకా నిటారుగా కిందికి కనిపిస్తుంది. రెండు చోట్లా కంచె లేదు, కాలి కింద గులకరాళ్లు జారతాయి. పిల్లల చెయ్యి వదలొద్దు, వెనక్కి నడుస్తూ ఫోటో తియ్యొద్దు.

ఫోటోలకి వస్తే, అందరూ చేసే తప్పు వెడల్పు లెన్సుతో ఒక్కటి తీసి ఊరుకోవడం. వెడల్పు లెన్సు 5,757 అడుగుల లోతుని చదును చేసేస్తుంది. టెలిస్కోప్ పీక్ గోరంత అవుతుంది. 24, 35 మిల్లీమీటర్ల మధ్య ఒకటి రెండు తీసుకుని, మిగతా సమయమంతా 70 నుంచి 200 మీద పెట్టండి. నీడ అంచు ఉప్పుని కోసే గీత, కాలువలు పాయలు పాయలుగా విడిపోయిన చోటు, చీమల్లాంటి మనుషులు, విసనకర్రల అంచులు, ఇవన్నీ దాంట్లోనే దొరుకుతాయి. ఫోను అయితే మూడు లేదా ఐదు రెట్ల లెన్సు వాడండి. అంతకంటే వేళ్లతో సాగదీస్తే పిండిగా అయిపోతుంది.

ఉప్పు ఫోటోలో బూడిద రంగులో వస్తే కెమెరా పాడైనట్టు కాదు. ఎదుట ఉన్నదంతా మధ్యస్థపు వెలుగే అనుకుని కెమెరా లెక్క కడుతుంది, తెలుపు ఎక్కువగా ఉంటే తగ్గించేస్తుంది. వెలుగు మొత్తం పరుచుకున్నాక కెమెరాలో ఎక్స్‌పోజరు (ఫోటోలోకి వచ్చే వెలుగు) 0.7 నుంచి 1 స్టాపు పెంచండి. నీడ సగం, వెలుగు సగం ఉన్నప్పుడు మాత్రం పెంచొద్దు, వెలుగు పడ్డ ఉప్పు మీద కొలిచి తియ్యండి. నీడలో వివరం తర్వాత రా ఫైలులోంచి (కెమెరా కుదించకుండా దాచే ఫైలు) లాగొచ్చు, మాడిపోయిన తెలుపు తిరిగి రాదు. ఫోనులో వెలుగు పడ్డ ఉప్పు మీద వేలు నొక్కిపట్టి లాక్ చేసి, చిన్న సూర్యుడి గుర్తుని కొంచెం కిందికి లాగండి. పొద్దున సూర్యుడు వెనక ఉంటాడు కాబట్టి పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టరు) పెద్దగా పనిచెయ్యదు, వెడల్పు లెన్సుకి పెడితే ఆకాశంలో ముదురు మచ్చ తెస్తుంది, తీసెయ్యండి. ట్రైపాడ్ మధ్య కడ్డీ పైకి లాగకుండా, కాళ్లు వెడల్పుగా పరిచి, సంచి వేలాడదీసి వాడండి, సంచి గాలికి ఊగితే నేలకి ఆనించండి. పనోరమాకి ఫోను నిలువుగా పట్టి తిప్పండి. డ్రోన్ పెట్టెలోంచి తియ్యొద్దు, నేషనల్ పార్కుల్లో నిషేధం.

9 దాటాక కిందికి బయలుదేరితే 10 దాటేసరికి బ్యాడ్‌వాటర్‌లో ఉంటారు, అప్పటికి నీడ తొలగి ఉంటుంది. అక్కడ తిరిగి చూస్తే కొండ గోడ మీద సముద్ర మట్టం అని రాసిన పలక 282 అడుగుల ఎత్తున కనిపిస్తుంది. దానికి ఇంకా ఎంతో పైన, ఆకాశానికి ఆనుకుని, మీరు పొద్దున నిలబడిన చోటు. చెక్క వంతెన దాకా పెద్దవాళ్లు సులువుగా వస్తారు. ఉప్పు పలకల ఆకారాలు బాగా చూడాలంటే జనం తొక్కిన బాట దాటి అర మైలు లోపలికి నడవాలి. ఆ పలకలు మీటరు, రెండు మీటర్ల వెడల్పున, అంచులు గట్లలా లేచి, తేనెపట్టులా ఉంటాయి. ఎండి బీటలు వారడం వల్ల వచ్చాయనే మాట చాలాచోట్ల వింటారు. 2023లో ప్రచురితమైన పరిశోధన దీన్ని మార్చింది: నేల కింద చిక్కటి ఉప్పునీరు బరువెక్కి దిగుతూ, పలచటిది పైకి లేస్తూ, సుడులుగా తిరుగుతుంది. చిక్కటి నీరు దిగే గీతల వెంట ఉప్పు ఎక్కువ పేరుకుని గట్టు కడుతుంది.

తడిగా ఉన్నచోట పాదం పెట్టకండి. పైన గట్టిగా కనిపించే పెచ్చు కింద బురద ఉంటుంది, మడమ లోతు దిగిపోతారు. ఆ అడుగు గుర్తు ఎండాక మళ్లీ పెద్ద వాన వచ్చేదాకా అలాగే ఉంటుంది. కారు టైరు గీతలు ఏళ్ల తరబడి పైనుంచి కనిపిస్తాయి. ఇంటికి గుర్తుగా ఉప్పు గడ్డ ఒకటి తీసుకెళదామని నాన్నగారు అనొచ్చు. అది చట్టరీత్యా నేరం, సున్నితంగా ఆపండి. రుచి చూడొద్దు, ఉప్పుతో పాటు వెలిగారం లాంటివీ అందులో ఉంటాయి.

సూర్యాస్తమయం మీద మనసు ఉండిపోతే, మధ్యాహ్నం మూడు ప్రాంతంలో ఆర్టిస్ట్స్ డ్రైవ్‌కి వెళ్లండి. తొమ్మిది మైళ్ల వన్ వే. ఆ రంగు కొండలు పడమటికి తిరిగి ఉన్నాయి కాబట్టి దిగే పొద్దు నేరుగా వాటి మీద పడుతుంది. సాయంత్రపు వెలుగులోనే ఉప్పు సరస్సుని పైనుంచి చూడాలంటే అవతలి గట్టు మీద 6,433 అడుగుల ఎత్తులో ఆగెరెబెరీ పాయింట్ ఉంది, అక్కడ సాయంత్రం సూర్యుడు వెనక ఉంటాడు. కానీ ఆరు మైళ్ల కంకర రోడ్డు, చివర ఇరుకు, గతుకులు. అద్దె సెడానులో, పెద్దవాళ్లతో, చీకటి పడే వేళ ఆ దారి పట్టొద్దు.

గదికి చేరాక ట్రైపాడ్ కాళ్లు, బూట్ల అడుగులు మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. ఒక్క రాత్రి వదిలేసినా ఆ ఉప్పు స్క్రూలని తుప్పు పట్టిస్తుంది.